వాన చుక్కలో ఎవరి పొగ?

నగరం మీద కురిసిన వాన నీటిని పట్టి ప్రయోగశాలకు పంపితే అందులో నైట్రేట్ ఎంత, సల్ఫేట్ ఎంత, అమ్మోనియం ఎంత అన్నది తేలిగ్గానే తెలుస్తుంది. ఆ నైట్రేట్ ఎవరిది అన్నది మాత్రం తెలియదు. కారు పొగగొట్టంలోంచి వచ్చిన నైట్రోజన్ ఆక్సైడ్ అయినా, బొగ్గు విద్యుత్ కేంద్రం చిమ్నీలోంచి వచ్చినదైనా, ఎరువు చల్లిన మట్టిలోంచి లేచినదైనా, గాలిలో నైట్రిక్ ఆమ్లంగా మారి వాన చుక్కలో కరిగాక అన్నీ ఒకటే. మామూలు రసాయన పరీక్షకు వాటి మధ్య తేడా కనపడదు.

గాలి కాలుష్యం మీద ఏ నగరంలో చర్చ జరిగినా చివరికి వాటాల దగ్గరే చిక్కుకుంటుంది. వాహనాలది ఎంత, కర్మాగారాలది ఎంత, నగరం బయటి పొలాలది ఎంత? దీనికి జవాబుగా ప్రభుత్వాలు చూపించేది ఉద్గారాల పట్టిక. రోడ్డు మీద ఎన్ని బండ్లున్నాయి, ఒక్కో బండి ఏడాదికి ఎంత దూరం తిరుగుతుంది, కిలోమీటరుకు ఎన్ని గ్రాములు వదులుతుంది అని గుణించుకుంటూ పోతారు. బొగ్గుకూ ఎరువుకూ అలాంటి గుణకాలే వాడతారు. పట్టిక అవసరమే, కానీ అది లెక్క, కొలత కాదు. ఏ గుణకం తప్పినా ఆ తప్పు కాగితం మీద ఎక్కడా బయటపడదు. అందుకే గాలిలో నిజంగా ఉన్నదాన్ని పట్టుకుని, పట్టికతో సంబంధం లేకుండా నిగ్గు తేల్చే సాధనం ఇంకొకటి కావాలి. వాన నీటిలోని ఐసోటోపులను, అంటే ఒకే మూలకంలో బరువు వేరుగా ఉండే పరమాణువులను, కొలవడం అలాంటి సాధనం. ఫలానా పొగగొట్టం అని ఇది వేలు పెట్టి చూపించదు. చూపిస్తుందని చెప్పేవాళ్లు ఎక్కువ చేసి చెబుతున్నట్టే. కానీ పట్టికలో రాసుకున్నట్టు జరిగి ఉండదని చెప్పాల్సి వచ్చినప్పుడు దీని సాక్ష్యానికి చాలా బరువుంది. దీన్ని దోషిని పట్టిచ్చే పరికరంగా కంటే, తప్పు లెక్కను పట్టిచ్చే పరికరంగా వాడుకోవడమే సరైన పద్ధతి.

వాన నగరపు గాలిని కిందికి దించుతుందన్న సంగతి కొత్తదేమీ కాదు. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ యాంగస్ స్మిత్ 1852లోనే మాంచెస్టర్ చుట్టుపక్కల వాన నీటిని పరీక్షించాడు. దూరపు పొలాల్లో అమ్మోనియం కార్బొనేట్, శివార్లలో అమ్మోనియం సల్ఫేట్, నగరం నడిబొడ్డున సల్ఫ్యూరిక్ ఆమ్లం కనిపించాయని రాశాడు. అప్పటి మాంచెస్టర్‌లో బొగ్గు తప్ప పెద్దగా అనుమానించదగ్గది లేదు కాబట్టి ఎవరి వల్ల అన్న ప్రశ్న అంతగా రాలేదు. ఈనాటి నగరంలో అనుమానితులు చాలామంది.

పది లక్షల్లో 37 పరమాణువులు

ఒకే మూలకానికి చెందిన పరమాణువులన్నీ ఒకే బరువుతో ఉండవు. నైట్రోజన్‌లో దాదాపు అన్నీ నైట్రోజన్-14 పరమాణువులే. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ఎక్కువగా ఉండే నైట్రోజన్-15, గాలిలో పది లక్షల పరమాణువులకు 3,663 మాత్రమే ఉంటుంది. రసాయనికంగా రెండూ ఒకేలా, కాదు, దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. తేలిక పరమాణువున్న అణువు కాస్త త్వరగా కదులుతుంది, దాని బంధం కాస్త సులువుగా తెగుతుంది. మంటలో, మట్టిలోని సూక్ష్మజీవుల్లో, ఉత్ప్రేరకం మీద జరిగే ప్రతి చర్యా ఈ కారణంగా బరువువాటికీ తేలికవాటికీ ఉన్న నిష్పత్తిని కొద్దిగా అటో ఇటో జరుపుతుంది. ఆ జరుగుబాటే శాస్త్రవేత్తలు వెతికే జాడ.

తేడాలు చాలా చిన్నవి కాబట్టి ఒక ప్రమాణ పదార్థంతో పోల్చి, దానికంటే వెయ్యికి ఎన్ని వంతులు ఎక్కువో తక్కువో చెబుతారు. దీన్నే డెల్టా విలువ అంటారు. నైట్రోజన్‌కు ప్రమాణం గాలిలోని నైట్రోజన్ వాయువే, దాని విలువ సున్నా. వాన నీటి నైట్రేట్‌కు ప్లస్ 10 వచ్చిందంటే నైట్రోజన్-15 నిష్పత్తి వెయ్యికి పది వంతులు పెరిగిందని అర్థం. పరమాణువుల్లో చెప్పాలంటే పది లక్షలకు 3,663 ఉండాల్సిన చోట 3,700 ఉన్నాయి. ఈ 37 పరమాణువుల తేడా మీద ఒక విద్యుత్ కేంద్రం గురించి, ఒక నగరం రవాణా విధానం గురించి మాట్లాడాలి. అణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ మంచిదైతే ఇందులో ముప్పయ్యో వంతు తేడానైనా పట్టుకుంటుంది కాబట్టి కొలవడంలో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా కొలిచినదాన్ని చదవడంలోనే ఉంది.

మంటలో నైట్రోజన్ ఆక్సైడ్లు రెండు దారుల్లో పుడతాయి. బాగా వేడెక్కినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోవడం ఒకటి, ఇంధనంలోనే ఉన్న నైట్రోజన్ మండటం రెండోది. బొగ్గులో నైట్రోజన్ ఉంటుంది, పెట్రోలులో డీజిల్‌లో దాదాపు ఉండదు. అందుకే ఇంజిన్‌లో పుట్టేది ప్రధానంగా గాలి నైట్రోజన్ నుంచే. అమెరికాలో బొగ్గు విద్యుత్ కేంద్రాల చిమ్నీల్లో తీసిన నమూనాలకు సుమారు ప్లస్ 9 నుంచి ప్లస్ 26 దాకా విలువలు వచ్చాయి. వాహనాల పొగకు సుమారు మైనస్ 19 నుంచి ప్లస్ 10 దాకా వచ్చాయి. ఎరువు పడ్డ మట్టిలో సూక్ష్మజీవులు వదిలే నైట్రిక్ ఆక్సైడ్ వీటన్నిటికంటే చాలా తేలిక, మైనస్ 14 నుంచి దాదాపు మైనస్ 60 దాకా పోతుంది. చెట్టూ చేమా మండినప్పుడు వచ్చేది మైనస్ 7, ప్లస్ 12 మధ్య ఉంటుంది. మెరుపుల వల్ల పుట్టేది సున్నాకు దగ్గర.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు సంగతులు వెంటనే కనిపిస్తాయి. మట్టి వాటాను మిగతావాటి నుంచి విడదీయడం సులువు. వాహనాల పొగనూ చితుకుల మంటనూ నైట్రోజన్ ఒక్కదానితోనే విడదీయడం మాత్రం కుదరని పని, రెండూ ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి అంకెల వెనుక దాగి ఉంది. బొగ్గు కేంద్రాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పొగను అమ్మోనియాతో కలిపి ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. తేలిక అణువులు ముందుగా చర్యలోకి వెళ్లిపోతాయి, మిగిలి బయటికి పోయేవి బరువువి. అంటే ఈ పరికరం బిగించిన కేంద్రానికీ బిగించని కేంద్రానికీ డెల్టా విలువ వేరు. కారులోని ఉత్ప్రేరక పరికరం సంగతీ అంతే. ఇంజిన్ చల్లగా ఉండి ఆ పరికరం ఇంకా వేడెక్కని మొదటి నిమిషాల్లో వచ్చే పొగ తేలిక, వేడెక్కాక వచ్చేది బరువు. ఐసోటోపుల గురించి రాసేటప్పుడు వీటిని వేలిముద్రలతో పోల్చడం పరిపాటి అయిపోయింది. వేలిముద్ర జన్మంతా మారదు. ఇది ఇంజిన్ వేడితో, పొగను శుద్ధిచేసే పరికరంతో, ప్రయాణాల సగటు దూరంతో మారిపోతుంది. పదిహేనేళ్ల కిందట ఒక దేశంలో కొలిచిన వాహనాల విలువను ఇంకో దేశంలో ఈనాటి నగరానికి పెట్టి వాటాలు తేల్చే అధ్యయనాలు తరచూ కనిపిస్తాయి. ఆ వాటాలకు దశాంశ స్థానం కూడా ఇస్తారు. అలాంటి ఫలితాన్ని నమ్మే ముందు మూలాల విలువలు ఎక్కడివి, ఎప్పటివి అని అడగడం మొదటి పని.

పట్టికను తప్పు పట్టిన వాన

ఈ పద్ధతి సత్తా తెలియాలంటే 2007లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనాన్ని చూడాలి. అక్కడ 1978లో మొదలైన జాతీయ వాతావరణ నిక్షేపాల కార్యక్రమం దేశమంతా వాన నీటిని సేకరిస్తోంది. ఆ సేకరణ పెట్టె మూత వాన పడగానే దానంతటదే తెరుచుకుంటుంది, ఆగగానే మూసుకుంటుంది. కాబట్టి ఎండ రోజుల దుమ్ము సీసాలో చేరదు. ప్రతి మంగళవారం సీసా మారుస్తారు. దేశపు మధ్య పశ్చిమ, ఈశాన్య ప్రాంతాల్లోని 33 కేంద్రాల నీటిలో నైట్రేట్ ఐసోటోపులను కొలిచి, ఒక్కో కేంద్రం చుట్టుపక్కల ఉన్న ఉద్గారాలతో పోల్చారు. ఆ ప్రాంతంలో నైట్రోజన్ ఆక్సైడ్లను అందరికంటే ఎక్కువగా వదిలేది వాహనాలే. అయినా వాన నీటి విలువలు వాహనాలతో కాక విద్యుత్ కేంద్రాలు, కర్మాగారాలు ఉన్న తీరుతోనే గట్టిగా సరిపోయాయి.

దీని అర్థం వాహనాలు నిర్దోషులని కాదు. పెద్ద చిమ్నీ పొగను పైకి వదులుతుంది, అది మేఘాల దాకా వెళ్లి వందల కిలోమీటర్లు ప్రయాణించి వానతో దిగుతుంది. కారు పొగ నేలకు ఆనుకుని పుడుతుంది, అందులో చాలా భాగం వాన కోసం ఆగకుండా రోడ్డు పక్కనే ఆకుల మీద, గోడల మీద, మట్టి మీద పొడిగానే పడిపోతుంది. సేకరణ కేంద్రాలనేమో స్థానిక పొగ సోకకూడదని రోడ్లకు, ఊళ్లకు దూరంగా పెట్టారు. కాబట్టి ఆ అధ్యయనం విద్యుత్ కేంద్రాల గురించి చెప్పినంతగానే కొలతల వ్యవస్థ గురించి కూడా చెప్పింది. వాహనాల నైట్రోజన్ ఎక్కడ పడుతోందో అక్కడ సీసా లేదు. నగరాలకు సంబంధించినంత వరకు ఈ రెండో సంగతే పెద్దది. వాన నీటిని ఎక్కడ పట్టారన్నది జవాబును సగం నిర్ణయిస్తుంది.

వాన పడే తీరు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. చుక్క మేఘంలో రూపుదిద్దుకునేటప్పుడే కొంత కాలుష్యం అందులో చేరుతుంది, అది ఎక్కువగా దూరం నుంచి వచ్చినది. మేఘం కింది నుంచి నేల దాకా పడుతూ మరికొంత కడుగుతుంది, అది ఎక్కువగా ఆ నగరానిదే. వాన మొదలైన తొలి మిల్లీమీటరులో కాలుష్యం దట్టంగా ఉండి, తర్వాత పలచబడిపోవడానికి ఈ కడుగుడే కారణం. ఒకే వానను మిల్లీమీటరు మిల్లీమీటరుగా వేరే సీసాల్లో పట్టి కొలిస్తే మొదటి సీసా వీధి గురించి, చివరి సీసా మేఘం గురించి మాట్లాడతాయి. రోజంతటి నీటినీ ఒకే సీసాలో పడితే ఆ రెండు కథలూ కలిసిపోయి, రెండిట్లో దేనికీ చెందని సగటు మిగులుతుంది. నగరపు పొగ గురించి తెలుసుకోవాలనుకుంటే ఈ విడి సీసాల శ్రమ తప్పదు.

దారిలో జరిగే మార్పులు

పొగగొట్టం నుంచి సీసా దాకా వచ్చే దారిలో నైట్రోజన్ ఇంకో మలుపు తిరుగుతుంది. గాలిలో నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ రెండూ పరమాణువులను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి. ఈ మార్పిడిలో బరువు నైట్రోజన్ డయాక్సైడ్ వైపు చేరుతుంది. మామూలు ఉష్ణోగ్రత దగ్గర రెండిటి మధ్య తేడా వెయ్యికి సుమారు 30 నుంచి 40 దాకా ఉండొచ్చు. ఇది మూలాల మధ్య ఉన్న తేడాలంత పెద్దది. ఓజోన్ సమృద్ధిగా ఉండి నైట్రిక్ ఆక్సైడ్ దాదాపు అంతా డయాక్సైడ్‌గా మారిపోతే ఈ ప్రభావం పెద్దగా మిగలదు. పొగ దట్టంగా ఉండి ఓజోన్ అయిపోయిన చలికాలపు నగరంలో మాత్రం సగం మారి సగం మిగులుతుంది, అప్పుడు వాన నైట్రేట్ అసలు పొగ కంటే బరువుగా కనిపిస్తుంది. చలికాలంలో నైట్రేట్ బరువెక్కిందంటే బొగ్గు ఎక్కువ కాల్చారని వెంటనే రాసేయడం అందుకే ప్రమాదం.

ఈ చిక్కును విప్పడానికి ఆక్సిజన్ కొంత సాయం చేస్తుంది. ఓజోన్ ఏర్పడేటప్పుడు ఆక్సిజన్-17 మామూలు నియమానికి మించి అందులో చేరుతుందని 1983లో థీమెన్స్, హైడెన్‌రైక్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో చూపించారు. ఈ అదనం ఓజోన్ నుంచి నైట్రేట్‌కు సంక్రమిస్తుంది. పగటిపూట హైడ్రాక్సిల్ (ఎండలో పుట్టి చురుగ్గా చర్య జరిపే రాడికల్) ద్వారా పుట్టిన నైట్రేట్‌లో అది తక్కువ, రాత్రిపూట ఓజోన్ ద్వారా పుట్టినదాంట్లో ఎక్కువ. వాతావరణ నైట్రేట్‌లో ఈ అదనం సాధారణంగా వెయ్యికి 20 నుంచి 31 దాకా ఉంటుంది, ఎండాకాలంలో కింది కొసన, చలికాలంలో పై కొసన. దీన్నిబట్టి ఆ నైట్రేట్ ఏ దారిలో పుట్టిందో తెలుస్తుంది, దారి తెలిస్తే నైట్రోజన్ విలువను దిద్దుకోవచ్చు. మట్టిలో సూక్ష్మజీవులు తయారుచేసే నైట్రేట్‌లో ఈ అదనం అసలే ఉండదు. కాబట్టి నగరపు మురుగు కాలువలో వానరోజున పారే నైట్రేట్‌లో ఆకాశం నుంచి నేరుగా వచ్చింది ఎంతో కూడా దీనితోనే తేల్చవచ్చు.

చదవడం ఎంత కష్టమో గ్రీన్‌లాండ్ మంచు చూపించింది. అక్కడి సమ్మిట్ అనే పరిశోధన కేంద్రం దగ్గర తవ్విన మంచు స్తంభంలో నైట్రేట్ డెల్టా విలువ పారిశ్రామిక యుగానికి ముందున్న ప్లస్ 11 నుంచి ఇటీవలి కాలానికి మైనస్ 1కి పడిపోయిందని 2009లో ఒక బృందం ప్రకటించింది. మనుషులు వదిలిన నైట్రోజన్ ఆక్సైడ్లే కారణమని వారి వాదన. 2014లో మరో బృందం అదే పతనాన్ని వేరుగా చదివింది. సల్ఫర్ పొగ వల్ల గాలిలో ఆమ్లత్వం పెరిగి, నైట్రిక్ ఆమ్లం వాయువుకూ కణాలకూ మధ్య పంచుకునే తీరు మారింది, దాంతో ఐసోటోపులు జరిగాయి అని వాదించింది. రెండూ మనిషి ప్రభావాన్నే చూపిస్తున్నాయి. కానీ మొదటిది మూలం మారిందంటుంది, రెండోది రసాయనం మారిందంటుంది. నగరపు వానలోనూ ఇదే ప్రశ్న ప్రతిసారీ ఎదురవుతుంది.

ఒక్క మిల్లీలీటరు చాలు

ప్రయోగశాలలో జరిగేది చూస్తే ముచ్చటేస్తుంది. ఒకప్పుడు నైట్రేట్ ఐసోటోపుల కోసం లీటర్ల కొద్దీ నీటిని వడపోసి, ఇంకించి, లవణంగా మార్చాల్సి వచ్చేది. 2001లో వెలువడిన పద్ధతి ఆ పనిని బ్యాక్టీరియాకు అప్పగించింది. సూడోమోనాస్ జాతిలో కొన్నిటికి నైట్రేట్‌ను నైట్రస్ ఆక్సైడ్ దాకా మార్చడం తెలుసు, అక్కడి నుంచి నైట్రోజన్ వాయువుగా మార్చే ఎంజైము వాటికి లేదు. ఆ లోపమే ఇక్కడ ఉపయోగపడింది. వాన నీటిని ఆ బ్యాక్టీరియా ఉన్న చిన్న సీసాలోకి ఎక్కిస్తే, అందులోని నైట్రేట్ నైట్రోజన్ అంతా నైట్రస్ ఆక్సైడ్‌గా మారి ఆగిపోతుంది. ఆ వాయువును మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపితే నైట్రోజన్, ఆక్సిజన్ విలువలు రెండూ వస్తాయి. దీనికి 20 నానోమోల్‌ల నైట్రేట్ సరిపోతుంది (నానోమోల్ అంటే మైక్రోమోల్‌లో వెయ్యో వంతు). నగరపు వానలో లీటరుకు 20 మైక్రోమోల్‌లు ఉందనుకుంటే, ఒక్క మిల్లీలీటరు నీరు చాలు. మిల్లీమీటరుకో సీసా చొప్పున వానను విడగొట్టి పట్టడం సాధ్యమైంది ఈ పద్ధతి వల్లే.

అసలు జాగ్రత్త ప్రయోగశాల బయట తీసుకోవాలి. పిట్ట రెట్ట ఒక్కటి పడితే అమ్మోనియం లెక్క పాడవుతుంది. వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే నీటిలోని సూక్ష్మజీవులు అమ్మోనియంను తినేయడం మొదలుపెడతాయి, తేలికదాన్ని ముందు తింటాయి, మిగిలినది బరువెక్కుతుంది. వెంటనే వడపోసి గడ్డకట్టించాలి.

సల్ఫర్ కథ కొంచెం తేటగా ఉంటుంది. సముద్రపు ఉప్పులోని సల్ఫేట్ విలువ ప్లస్ 21 దగ్గర స్థిరంగా ఉంటుంది. సోడియంను బట్టి ఉప్పు వాటాను తీసేస్తే మిగిలేది చాలావరకు మండిన ఇంధనానిదే. బొగ్గులో సల్ఫర్ విలువ గనిని బట్టి విపరీతంగా మారుతుంది. ఇది ఒకవైపు ఇబ్బంది, మరోవైపు వరం, ఎందుకంటే ఒక నగరం కాల్చే బొగ్గు ప్రత్యేకమైనదైతే అక్కడి వాన ఆ సంగతి చెప్పేస్తుంది. చైనాలో దక్షిణాది బొగ్గులో విలువలు తక్కువ, చాలాచోట్ల సున్నా కంటే కింద. ఉత్తరాది బొగ్గులో ఎక్కువ. నైరుతి చైనాలోని గుయియాంగ్ వాన సల్ఫేట్ మైనస్‌లో రావడానికి అక్కడి బొగ్గే కారణమని తేలింది. ఉత్తరాది నగరాల వానలు ప్లస్‌లోనే ఉంటాయి. అయినా ఇక్కడా దారి మార్పులున్నాయి. సల్ఫర్ డయాక్సైడ్‌ను సల్ఫేట్‌గా మార్చింది హైడ్రోజన్ పెరాక్సైడా, ఇనుము లాంటి లోహమా అన్నదాన్ని బట్టి విలువ కొంత జరుగుతుంది.

సీసంలో ఆ బెంగ దాదాపు లేదు. సీసం-206, 207, 208 యురేనియం, థోరియం క్షీణించగా పోగైనవి కాబట్టి వాటి నిష్పత్తిని ధాతువు పుట్టిన కాలమే నిర్ణయిస్తుంది, మంటా వానా మార్చలేవు. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ సీసంలో 206కూ 207కూ నిష్పత్తి సుమారు 1.04, అమెరికాలోని మిసిసిపీ లోయ సీసంలో 1.3 పైన. ఏ దేశం పెట్రోలులో ఏ గని సీసం కలిపారో గాలిలో, వానలో కనిపించేది ఈ తేడా వల్లే. రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలు అమ్మకం 2021 జులైలో అల్జీరియాతో ప్రపంచమంతటా ఆగిపోయింది. కానీ సీసం పోలేదు. బ్రిటన్ 1999 చివర్లోనే నిషేధించినా, 2014–2018 మధ్య లండన్ గాలి కణాల్లో ఉన్న సీసంలో 40 శాతం దాకా ఆ పాత పెట్రోలుదేనని, నేలలో చేరి మళ్లీ దుమ్ముగా లేస్తోందని ఐసోటోపులతో తేల్చారు. ఏ ఉద్గారాల పట్టికలోనూ ఈ మూలానికి ఒక వరుస ఉండదు, ఎందుకంటే ఇప్పుడు దాన్ని ఎవరూ వదలడం లేదు.

అమ్మోనియా దగ్గర తగువు

పట్టికలకూ ఐసోటోపులకూ మధ్య ఇప్పుడు నడుస్తున్న అసలైన వాదన అమ్మోనియా మీద. పట్టికల్లో అది పొలాలది, పశువులది. నగరాల్లో కార్ల ఉత్ప్రేరక పరికరాలు కూడా అమ్మోనియాను పుట్టిస్తాయి, కానీ పట్టికల్లో దాని వాటా చిన్నది. బీజింగ్‌లో దట్టమైన పొగమంచు రోజుల్లో పట్టిన కణాల అమ్మోనియంను కొలిచిన ఒక అధ్యయనం 2016లో దీన్ని తలకిందులు చేసింది. ఆ రోజుల్లో ప్రధాన మూలం ఇంధనాల మంటేనని చెప్పింది. అమ్మోనియా వాయువు అమ్మోనియంగా మారేటప్పుడు బరువు నైట్రోజన్ వెయ్యికి సుమారు 33 వంతులు పెరుగుతుంది కాబట్టి ముందు ఆ మేర దిద్ది, తర్వాత మూలాలతో పోల్చారు.

ఇక్కడే మెలిక పడింది. పోల్చిన మూలాల విలువల్లో చాలావాటిని గాలిని పీల్చకుండా ఊరికే తగిలించి ఉంచే సేకరణ పరికరాలతో కొలిచారు. ఆ పరికరాల్లో తేలిక అమ్మోనియా ముందుగా చేరుతుందని, విలువ వెయ్యికి సుమారు 15 తక్కువగా వస్తోందని తర్వాత బయటపడింది. వాహనాల అమ్మోనియాకు మొదట మైనస్ 4.6 నుంచి మైనస్ 2.2 అని రాసుకున్న విలువ, 2020లో గాలిని పీల్చే పద్ధతితో కొలిస్తే ప్లస్ 6.6 దగ్గరికి వచ్చింది. కొలిచే తీరు మారితేనే ఇంత తేడా వస్తే పాత వాటాలన్నీ మళ్లీ వేసుకోవాల్సిందే. అయినా ఆ అధ్యయనం వృథా కాలేదు. నగరంలో అమ్మోనియా అంటే పొలం మాత్రమే అన్న నమ్మకాన్ని అది కదిలించింది. ఆ తర్వాతే కార్ల అమ్మోనియాను గట్టిగా కొలవడం మొదలైంది. వాటా అంకె నిలబడకపోయినా ప్రశ్న నిలబడింది, శాస్త్రంలో దీనికీ విలువ ఉంది.

వాటాలు తేల్చే గణితం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒక్క ఐసోటోపుతో రెండు మూలాలను కచ్చితంగా విడదీయవచ్చు, రెండు ఐసోటోపులతో మూడింటిని. మూలాలు అంతకు మించితే జవాబు ఒకటి కాదు, అనేకం. బేయీసియన్ నమూనాలు ఆ అనేక జవాబులను సంభావ్యతల రూపంలో చూపిస్తాయి, అది నిజాయితీ గల పద్ధతే. వాటి మధ్య విలువను ఒక్కదాన్ని తీసుకుని వాహనాలది 37 శాతం అని పత్రికా ప్రకటనలో రాయడం మాత్రం నిజాయితీ కాదు.

నీరే సాక్ష్యం చెప్పిన సందర్భం కూడా ఒకటుంది. పెట్రోలు, సహజవాయువు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులోని ఆక్సిజన్ గాలిది, దాని విలువ సముద్రపు నీటి కంటే ప్లస్ 23 పైన. హైడ్రోజన్ ఇంధనానిది, చాలా తేలిక. ప్రకృతి నీటిలో ఈ జోడీ ఎక్కడా కనపడదు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో చలికాలపు గాలి లోయలో నిలిచిపోయిన రోజుల్లో, నగరం మీది ఆవిరిలో 13 శాతం దాకా మంటల నుంచి పుట్టిందేనని 2015లో ఈ పద్ధతితో చూపించారు. ఇది వాన కాదు, ఆవిరి. కానీ చుక్కలో కరిగిన ఉప్పునే కాదు, చుక్కనే అడగవచ్చని ఇది చూపించింది.

ఒక నగరం ఈ పద్ధతిని నిజంగా వాడుకోవాలంటే వాటాల కంటే మార్పుల మీద దృష్టి పెట్టడం మేలు. బొగ్గు కేంద్రం మూతపడే ముందు, మూతపడ్డాక ఒకే చోట, ఒకే పద్ధతిలో పట్టిన వాన నీటి విలువల్లో వచ్చే తేడాను నమ్మవచ్చు, ఎందుకంటే దారి మార్పులు చాలావరకు రెండు వైపులా ఒకేలా ఉంటాయి. పట్టిక ప్రకారం రావాల్సిన మార్పు రాకపోతే లెక్క ఎక్కడో తప్పిందని తెలుస్తుంది. దీనికి రోడ్డు అంచున ఒకటి, నగరం మధ్య ఒకటి, గాలి వచ్చే వైపు ఊరి బయట ఒకటి చొప్పున సేకరణ పెట్టెలు కావాలి. ఆ నగరపు బండ్ల పొగనూ, అక్కడ మండే బొగ్గునూ అక్కడే కొలిచిన విలువలు కావాలి. ప్రతి వానకూ కొన్ని మిల్లీలీటర్లు వడపోసి, తేదీ, గంట, వాన పరిమాణం, గాలి దిశ రాసి, ఫ్రీజర్‌లో దాచి ఉంచాలి. నియంత్రణ చర్య అమలయ్యాక ఈ పని మొదలుపెడితే పోల్చడానికి ముందటి నీరు దొరకదు. అది మొదలవడానికి ఏడాదో రెండేళ్లో ముందే సీసాలు బయట పెట్టాలి.